మచ్చ విడవని చేయి: కంపౌండర్ పౌలయ్య మామ

కంపౌండర్ పౌలయ్య మామ ఇక లేరు. ఈ ఒక్క వాక్యం కాగితం మీద పెట్టడానికి నాకు వారం రోజులు పట్టింది.

సోమవారం పొద్దున మా దుకాణంలో బెల్లం మోసే మహబూబ్ భాయి మా వాకిట్లోకి వచ్చి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "కంపౌండర్ సాబ్ ఇంటికాడి నుంచి ఖబర్ వచ్చింది బేటీ. పానం పోయిందట" అన్నాడు. "ఎవరి గొడ్డు భాయీ?" అని అడిగాను. మామ పేరూ, పోయిందన్న మాటా కలిసి వినబడితే ఎక్కడో ఒక ఎద్దో మేకో పోయిందని అనుకోవడం మాకు అలవాటు. మహబూబ్ భాయి తల అడ్డంగా ఊపాడు. "గొడ్డు కాదమ్మా. ఆయననే."

ఆ తర్వాత నేనేం చేశానో గుర్తు లేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయని అమ్మ తర్వాత చెప్పింది.

మన లిఖిత పత్రిక చదివేవారిలో చాలామంది ఇళ్లలో ఆయన చేతి బొమ్మ ఒకటైనా ఉంటుంది. లేనివారి కోసం చెబుతున్నాను. పౌలయ్య మామ బీదరులో పశువుల దవాఖాన కంపౌండరు. కట్టు కట్టడం, మందు తాగించడం ఉద్యోగం. దవాఖానకు వచ్చిన ఎద్దునో, కుక్కనో, చిలకనో పెన్సిలుతో బొమ్మ గీసి దాని యజమాని చేతిలో పెట్టడం ఆయనకు ఆయనే పెట్టుకున్న పని. జీవితంలో ఒక్క బొమ్మ కూడా అమ్మలేదు. ఎందుకు అమ్మరని ఒకసారి అడిగితే, "అమ్మితె కొన్నోడు ఈ మచ్చ తీసెయ్యి అంటడు బిడ్డా. ఊకె ఇస్తె ఏమంటడు? తీస్కొని పోతడు" అన్నారు.

ఆయన బొమ్మల గురించి తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే. ఏ జంతువుకైనా ఉన్న మచ్చ బొమ్మలో ఉండి తీరాలి. తెగిన చెవి, వంకర కొమ్ము, పువ్వు పూసిన కన్ను, ఏదీ వదిలేవారు కాదు. "మచ్చ విడిస్తే అది ఇంకెవల్దో అయితది" అనేవారు.

అలాంటి మనిషి ఫోటోను బుధవారం నాడు ఆయన కొడుకు ప్రభుదాసన్న స్టూడియోలో పెద్దది చేయించి తెచ్చాడు. ఆదివారం జ్ఞాపకార్థ కూడికలో పూలదండ వేసి పెట్టడానికి. మామకు చిన్న వయసులో అమ్మవారు పోసి ముఖమంతా గుంటలు పడ్డాయి. బీదరులో ఆయనను చూసిన ఎవరికైనా మొదట గుర్తొచ్చేది ఆ ముఖమే. ఫోటోలో ఆ గుంటలు ఒక్కటీ లేవు. చెంపలు నున్నగా, తెల్లగా, కొత్త పెళ్లికొడుకు చెంపల్లా ఉన్నాయి. చుట్టూ ఆడవాళ్లు "ఎంత మంచిగున్నడు" అని కళ్లొత్తుకుంటున్నారు. నేను వెనక నిలబడి ఏమీ అనలేక ఇంటికి వచ్చేశాను. పదిమందిలో నోరు విప్పే అలవాటు నాకు లేదు. ఆదివారానికి మధ్యలో మూడు రోజులే ఉన్నాయి. ఆ ముఖానికి దండ పడితే, ఇక ముందు పౌలయ్య మామ అంటే అదే ముఖం.

ఆ మూడు రోజులూ నేను నా డైరీలో ఆయన గురించి గుర్తున్నవన్నీ రాసుకుంటూ కూర్చున్నాను. ఇక్కడ ఇస్తున్నవి అందులోవే.

ఆయన పశువుల బొమ్మలు గీయడం మొదలుపెట్టింది కళ మీద ప్రేమతో కాదు, కన్నడం రాకపోవడం వల్ల. నిజాం కాలంలో దవాఖాన రాతకోతలన్నీ ఉర్దూలో జరిగేవి. మామ చదివింది ఉర్దూ బడిలో, ఇంట్లో చదువుకునేది తెలుగు బైబిలు. మన జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిశాక రిజిస్టర్లు కన్నడంలోకి మారాయి. వచ్చిన ప్రతి పశువుకూ గుర్తుమచ్చలు రాయాలి. మామకు కన్నడ మాట వచ్చు, అక్షరం రాదు. ఆ సంగతి మైసూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన డాక్టరుగారికి చెప్పుకోవడానికి సిగ్గు. అందుకని రాయవలసిన గడిలో చిన్న చిన్న బొమ్మలు గీస్తూ పోయారు. నెలాఖరున డాక్టరుగారు రిజిస్టరు తెరిచి, "గురుతు బరీరి అందె, చిత్ర బర్దిదీరల్లా!" అని కేకలేశారట. గుర్తులు రాయమంటే బొమ్మలు గీశావేమిటని. మామ చేతులు కట్టుకుని, "మీ కన్నడల రాసుడుకు గీసుడుకు ఒక్కటే మాట గద సార్. మీరు బరీరి అన్నరు, నేను బరిసిన" అన్నారు. డాక్టరుగారికి కోపం నిలవలేదు.

ఆ గడిలోని బొమ్మే ఒకనాడు ఒక తగాదా తీర్చింది. దుబల్గుండి నుంచి ఇద్దరు రైతులు ఒకే తెల్లెద్దు కోసం కొట్లాడుకుంటూ వచ్చారు. తప్పిపోయిన నా ఎద్దు అని ఒకడు, నా ఇంట పుట్టిందని ఇంకొకడు. తప్పిపోయిందన్నవాడు అంతకుముందు ఒకసారి దాన్ని దవాఖానకు తెచ్చి ఉన్నాడని డాక్టరుగారు రిజిస్టరు తెప్పించారు. బొమ్మలో నొసటి మీది వెంట్రుకల సుడి నడిమిన కాకుండా ఎడమకు జరిగి ఉంది. ఎదురుగా నిలబడ్డ ఎద్దుకూ అంతే. ఇంట పుట్టిందన్నవాడు తలగుడ్డ దులుపుకుని వెళ్లిపోయాడు. ఎద్దు దక్కిన రైతు భార్య మాత్రం కదలలేదు. "గా బొమ్మ మాకు గూడ ఒకటి ఇస్తరా అయ్యా? మల్ల పోతె చూస్కుంటం" అని అడిగింది. మామ ఇచ్చిన మొదటి బొమ్మ అదే.

కోట వైపు గల్లీలో ఉండే ఖైరున్నీసా బేగం చిలక సంగతి ఆయన చెప్పగా నేను ఎన్నిసార్లు విన్నానో. చిలక ముసలిది, నడినెత్తిన ఈకలు రాలిపోయాయి. బొమ్మ చూడగానే బేగం గారు, "అజీ, మేరే మిట్ఠూ కో గంజా కర్ దియే తుమ్!" అని మీదికి లేచారు. నా చిలకకు బట్టతల చేశావని. "మై నై కియా అమ్మా, ఉమర్ కర్ దీ" అన్నారు మామ. నేను కాదు, వయసు చేసిందని. బేగం గారు దుపట్టా కింద తన పలచబడ్డ జుట్టు సర్దుకుంటూ చాలాసేపు నవ్వి, ఆ బొమ్మను నమాజు చేసుకునే గదిలో కాక, వచ్చినవాళ్లందరికీ కనబడేలా వసారాలో పెట్టుకున్నారు.

అన్నీ నవ్వులే కాదు. వానలు లేని ఏడాది ఖటక్ చించోళి నుంచి నర్సప్ప అనే రైతు తన ఎద్దును అమ్మడానికి తోలుకొచ్చాడు. మేత లేదు. అతని భార్య ఎద్దును సాగనంపలేక గడప దాటి రాలేదట. ఆమెకు ఇవ్వడానికి బొమ్మ కావాలని అడిగాడు. మామ గీసిన బొమ్మలో ఎద్దు మెడ మీద కాడి రాసుకుని వెంట్రుక ఊడిన చోటు కూడా ఉంది. నర్సప్ప ముఖం మాడిపోయింది. "గిదెందుకు గీసినవ్ పౌలన్నా? నేను దాన్ని పీడించినట్టు కనబడ్తలేదా?"

"మానిన పుండు నర్సప్పా" అన్నారు మామ. "ఊకెనె మానుతదా? ఎవడో దినాం మందు రాసిండు. గదిగూడ కనబడ్తది చూడు."

నర్సప్ప బొమ్మను మడవలేదు. బస్సు దాకా రెండు చేతుల్లో పళ్లెం పట్టుకున్నట్టు పట్టుకుని పోయాడు.

ఆయన మచ్చలు కూడా చెప్పాలి కదా. మామకు గిట్టలు గీయడం రాదు. ఎన్నేళ్లు గీసినా కుదరలేదు. అందుకని ఆయన బొమ్మల్లో ప్రతి జంతువూ మోకాలెత్తు పచ్చగడ్డిలో నిలబడి ఉంటుంది, కరువు ఏళ్లలో కూడా. "గిది అబద్ధం కాదా మామా?" అని అడిగితే, "గడ్డి ఉంటె దానికె మంచిది గద" అని దబాయించేవారు. నశ్యం పీల్చి నా కాగితాల మీదే తుమ్మేవారు. పశువును కొట్టినవాడిని బూతులు తిట్టేవారు, తిట్టాక చర్చిలో ఎవరికంటే పెద్దగా, ఎవరి రాగంలోనూ కలవకుండా పాడేవారు. నా దగ్గర తీసుకున్న పెన్సిలు తిరిగి ఇచ్చిన రోజు లేదు.

ఆయనతో నా పరిచయం ఒక పొరపాటు వల్ల జరిగింది. చిన్నప్పుడు పండగ వంటలప్పుడు నూనె చింది నా ఎడమ చెంప మీద మచ్చ పడింది. నాకు పదహారేళ్లప్పుడు కమలనగర్ నుంచి ఒక సంబంధం మాట వచ్చింది. ఫోటో తీయిస్తే మచ్చ పడుతుంది, చేత్తో గీయిస్తే పడనవసరం లేదు అని నాన్న ఆలోచన. మా ఇంట్లో నన్ను అందరూ పిల్ల అనే పిలుస్తారు. నాన్న మహబూబ్ భాయితో, "కంపౌండర్‌కు చెప్పు, మా పిల్ల బొమ్మ గీయాలె, జర వచ్చి పొమ్మను" అన్నారు. మహబూబ్ భాయి వెళ్లి తన భాషలో, "సేట్‌జీ కే పిల్లే కీ తస్వీర్ ఉతార్నా కతే" అని చెప్పాడు. ఉర్దూలో పిల్లా అంటే కుక్కపిల్ల.

మామ కాగితాలతో పాటు ఒక రొట్టె ముక్క కూడా జేబులో పెట్టుకుని వచ్చి వసారాలో కూచున్నారు. నేను తలుపు వెనక ఉన్నాను.

"ఏమన్న కరుస్తదా సేటు?" అని అడిగారు.

నాన్న తెల్లబోయారు. "కరుసుడేంది పౌలయ్యా? నోట్లకెళ్లి మాటనే రాదు దానికి."

"మంచిగనే ఉన్నది. బయట తిరుగుతదా?"

"ఇల్లు కదలది."

"పిలిస్తె వస్తదా?"

"కొత్తోల్లుంటె రాదు. తలుపెనక దాస్కుంటది."

"జర రొట్టె చూపిస్తె?"

వంటింట్లో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకూ నవ్వొచ్చింది. అప్పుడు మామ ఎప్పుడూ అడిగే ప్రశ్న అడిగారు. "ఏమన్న మచ్చ ఉన్నదా?"

నాన్న గొంతు తగ్గించి, కమలనగర్ సంగతీ, నూనె సంగతీ, తనకు కావలసిందేమిటో చెప్పారు. మామ లేచి నిలబడ్డారు. "తప్పైంది సేటు. నేను కుక్కపిల్ల అనుకున్న" అని రొట్టె జేబులో పెట్టుకోబోయి, మళ్లీ కూచుని, "మనుషుల బొమ్మ నేను గీయ. మచ్చ తియ్యమంటరు. గొడ్డు ఎన్నడన్న అన్నదా?" అన్నారు.

"చూసెటోల్లు ఏమనుకుంటరు పౌలయ్యా? మొదలు బొమ్మ చూస్తరు. పిల్లను చూసె యాళ్లకు మాట కుదిరిపోతది."

మామ రొట్టె పక్కన పెట్టారు. "గట్ల కుదిరింది కుదిరినట్టు కాదు సేటు. నాకు ఎరుకె" అన్నారు.

నాన్నకు కోపం వచ్చింది. ఏదో అనబోతున్నారు. తలుపు వెనక నుంచి నా గొంతు నాకే వినబడింది. "మచ్చ ఉన్నది మామా. ఎడమ చెంప మీద."

ఆయన ఇటు తిరగలేదు. కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుని, దవాఖానలో అడిగినట్టే అడిగారు. "ఎంత?"

"నాలుగు వేళ్లంత."

"దేనికైంది?"

"నూనె చిందింది. చిన్నప్పుడు."

"రాసుకుంటున్న. తెలుగులనే రాస్తున్న, నాకు కన్నడ రాదు."

"నాకు వస్తది" అన్నాను.

ఈలోగా రొట్టె వాసనకు మా పిల్లి వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూచుంది. దాని చెవి ఒకటి చీలి ఉంటుంది. మామ దాన్ని గీసి, చెవి చీలికను రెండుసార్లు దిద్ది, తలుపు సందులోంచి నా చేతికి ఇచ్చి వెళ్లిపోయారు. ఆ తర్వాతి ఏళ్లలో ఎన్నో సాయంత్రాలు వాళ్ల ఇంటికి వెళ్లి బొమ్మల కింద జంతువుల పేర్లు కన్నడంలో రాసిపెట్టాను.

నాన్న చివరికి ఫోటోనే పంపారు. కమలనగర్ వాళ్లు రాలేదు. నాన్న మామతో ఏడాది మాట్లాడలేదు. నేనూ కొన్నాళ్లు ఏడ్చాను. కానీ వాళ్లు కాదన్నది నన్నే, నాలాగ ఉండే ఇంకెవరినో కాదు. ఆ తేడా నాకు తెలిసేలా చేసిన మనిషి పౌలయ్య మామ. దాని విలువ అప్పుడు కాదు, మెల్లమెల్లగా తెలిసింది.

ఇవన్నీ రాసుకున్నాక శనివారం మధ్యాహ్నం వాళ్ల ఇంటికి వెళ్లాను. గది నిండా చుట్టాలు. ఫోటో గోడకు ఆనించి ఉంది. ప్రభుదాసన్న హుమ్నాబాద్‌లో గుమాస్తా, తండ్రి అంటే ప్రాణం. దండకు కొలత చూస్తున్నాడు. నేను గడపలోనే నిలబడి, "ఇది మామ కాదన్నా" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. నా చెయ్యి దానంతట అదే చెంప మీదికి పోయింది. దించేశాను.

"ఏమైంది చెల్లే? మంచిగనే ఉన్నది గద" అన్నాడు అన్న. "మచ్చలు నేనే తీయించిన. రేపు పెద్ద పెద్దోల్లు వస్తరు. చూసెటోల్లు ఏమనుకుంటరు?"

ఆనాటి మా నాన్న మాటే. అప్పుడు మూలన చాప మీద పడుకుని ఉన్న మామ భార్య సుందరమ్మ అత్త లేచి కూచుంది. మూడు రోజులుగా ఆమె ఆ ఫోటో వైపు చూడలేదట. "ఇటు తే, చూస్త" అంది. ఒళ్లో పెట్టుకుని చూసి, ఒక్కసారిగా నవ్వింది.

"ఈయన నాకు ఎరుకె. లగ్గానికి ముందు మా నాయనకు బొమ్మల వచ్చింది ఈయననే."

ఎవరికీ అర్థం కాలేదు. అత్త చెప్పింది. "అమ్మవారు పోసిన మొఖానికి పిల్లనెవలిస్తరని, తన బొమ్మ తనే గీసి పంపిండు. గిట్లనే, కోడిగుడ్డు లెక్క నున్నగ. మా నాయన ఒప్పుకున్నడు. చర్చిల ముసుగు తీసి చూసిన. పాదిరిగారు ఈయనను ఒప్పుకుంటవా అని అడుగుతుండు, నాకు నోరు రాలె. అందరు చూస్తుండ్రు. అప్పుడు మెల్లగ నా చెవిల, 'అబద్ధం గీసిన సుందరీ, మల్ల గీయ' అన్నడు. గా ఒక్క మాట మీద ఒప్పుకున్న."

అత్త కొడుకు వైపు చూసింది. "ఇన్నేండ్లు ఆ మాట తప్పలె. ఆయన పోయినంక నువ్వు తప్పిస్తున్నవ్ కొడుకా."

ప్రభుదాసన్న దండ కింద పెట్టేశాడు.

"పెన్సిలు తే బిడ్డా" అంది అత్త నాతో. కళ్లు మూసుకుని, తన చెంప మీదే వేలు పెట్టి చూపిస్తూ చెప్పింది. "ముక్కు పక్కకు రెండు. ఒకటి పెద్దది, ఒకటి దానికి ఆనుకొని. కంటి కింద వరుసగ మూడు." నేను పెడుతూ పోయాను. నున్నటి ఫోటో కాగితం మీద పెన్సిలు సరిగా పట్టలేదు. గట్టిగా నొక్కవలసి వచ్చింది. నొక్కిన చోటల్లా చిన్న గుంట పడింది. కావలసింది అదే. కాసేపటికి ప్రభుదాసన్న కూడా వచ్చి పక్కన కూచున్నాడు. "గదువ కింద ఒకటి ఉండె అమ్మా. గడ్డం గీస్కుంటుంటె దినాం తెగుతుండె" అన్నాడు. అదీ పెట్టాను. నున్నటి పెళ్లికొడుకు పోయి, నశ్యం పీల్చే మనిషి కొంచెం కొంచెంగా వచ్చాడు.

కుడి కనుబొమ పైన ఒకటి ఉండేదా లేదా అన్న దగ్గర అత్త వేలు ఆగిపోయింది. ప్రభుదాసన్నకు గుర్తు రాలేదు. అన్ని సాయంత్రాలు ఎదురుగా కూచున్నదాన్ని, నాకూ రాలేదు. ఒక్కసారి చూసిన గొడ్డు మచ్చను ఏళ్ల తర్వాత కూడా తప్పు లేకుండా చెప్పగలిగిన మనిషి బీదరులో ఒక్కరే ఉండేవారు. ఉందని పెడితే అబద్ధమవుతుందేమో, లేదని వదిలితే అదీ అబద్ధమవుతుందేమో. పెన్సిలు పట్టుకుని ముగ్గురం ఆ ముఖం వైపు చూస్తూ కూచున్నాం, ఆయనే చెబుతారేమో అన్నట్టు.